అండమాన్ నికోబార్ దీవుల్లో భూమి లేని రైతులకు భూకేటాయింపు

దేశ విభజన తరవాత భూమీ ఇల్లూ పోగొట్టుకున్న రైతు కుటుంబాలను అండమాన్ నికోబార్ దీవులకు తరలించి, అడవి కొట్టించి, కుటుంబానికి ఇన్ని ఎకరాలని పంచి స్థిరపరచిన కార్యక్రమం 1949లో మొదలైంది. దాని వివిధ దశలు 1980 దాకా సాగాయి. భూమి పొందినవారిలో ఎక్కువమంది తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన శరణార్థులు. వారితో పాటు కేరళ, తమిళనాడు, ఛోటానాగ్‌పూర్ ప్రాంతాలకు చెందిన కొన్ని కుటుంబాలు, బర్మా నుంచి తిరిగి వచ్చినవారు, చివరి దశలో మాజీ సైనికులు ఉన్నారు. పేద సేద్యగాళ్లను భూమి గలవారిని చేయడానికి స్వతంత్ర భారతదేశం చేసిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. ఇక్కడ ఏ జమీందారు నుంచీ భూమి తీసుకోలేదు. అడవి నుంచి తీసుకున్నారు. ఈ పథకం సాధించినదానికీ, చేసిన అన్యాయానికీ మూలం అక్కడే ఉంది.

పోర్ట్ బ్లెయిర్ (2024 సెప్టెంబరు నుంచి అధికారికంగా శ్రీ విజయపురం) నగరంలోని ఫీనిక్స్ బేలో ఈ పథకం కింద పంచిన పొలం ఒక్కటీ లేదు. ఖైదీల కాలంలో అక్కడ వర్క్‌షాపులు ఉండేవి. ఇప్పుడు మెరైన్ డాక్‌యార్డు, దీవుల మధ్య తిరిగే ప్రభుత్వ పడవల జెట్టీ ఉన్నాయి. అయినా ఈ పథకం విస్తృతి తెలియాలంటే ఆ జెట్టీ నుంచి పడవలు ఎక్కడెక్కడికి పోతాయో చూస్తే చాలు. నీల్, హావ్‌లాక్, రంగత్, డిగ్లీపూర్, లిటిల్ అండమాన్‌లోని హట్ బే, గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే: ఇవన్నీ స్వాతంత్ర్యం తరవాత ప్రభుత్వం భూమి పంచి ఊళ్లు నిలబెట్టిన చోట్లే. నీల్ రైతు పండించిన కూరగాయలు నగరానికి చేరేదీ, హట్ బే రైతు కచేరీ పనికో ఆసుపత్రికో వచ్చేదీ సముద్రం మీదుగానే. భూమి ఎంత మంచిదైనా, పడవ ఆగిన వారం పంట చేతిలో కుళ్లిపోయే దీవుల్లో వ్యవసాయాన్ని జెట్టీతో కలిపే చూడాలి.

ఖైదీ రైతులు

దీవుల్లో భూమి పంచే పద్ధతికి పునాది వేసింది బ్రిటిష్ శిక్షా స్థావరం. 1858 మార్చిలో జె.పి. వాకర్ మొదటి ఖైదీల ఓడతో ఇక్కడ దిగాడు. శిక్షలో కొన్నేళ్లు గడిచి, నడత బాగుందనిపించుకున్న ఖైదీకి టికెట్ ఇచ్చి బయట బతకనిచ్చేవారు. అలాంటివారిని ‘సెల్ఫ్ సపోర్టర్లు’ అనేవారు. వారు కొంత నేల తీసుకుని వరి వేసుకోవచ్చు, పెళ్లి చేసుకోవచ్చు, ఊరి నుంచి భార్యాబిడ్డలను తెప్పించుకోవచ్చు. పోర్ట్ బ్లెయిర్ చుట్టూ ఉన్న పాత పల్లెలు చాలావరకు ఇలా పుట్టినవే.

1920ల్లో శిక్షా స్థావరాన్ని ఎత్తివేయాలన్న ఆలోచన వచ్చింది. మనుషులు వెళ్లిపోతే దీవులు ఖాళీ అవుతాయని ప్రభుత్వం వెనకాడి, ఖైదీలను భూమి ఆశతో నిలుపుకోజూసింది. 1921 మలబారు తిరుగుబాటులో శిక్షపడిన మాపిళ్లల కుటుంబాలు అలా వచ్చాయి. దక్షిణ అండమాన్‌లో కాలికట్, మంజేరి, వండూర్, మన్నార్‌ఘాట్ అన్న ఊళ్లు ఈనాటికీ ఆ పుట్టింటి పేర్లతోనే ఉన్నాయి. 1925లో బర్మా నుంచి కరెన్ కుటుంబాలను తెచ్చి మధ్య అండమాన్‌లోని వేబీలో స్థిరపరచారు. వలస పాలకులు ‘నేరస్థ తెగ’ అని ముద్ర వేసిన భాతూలను కూడా ఉత్తర భారతం నుంచి తెచ్చారు. 1926లో వచ్చిన భూమి నిబంధన వీరికి సాగు హక్కు ఇచ్చింది గాని, నేల మీద యాజమాన్యాన్ని సర్కారు తన దగ్గరే ఉంచుకుంది. ఆ పట్టు స్వతంత్ర భారతదేశంలోనూ సడలలేదు.

పది ఎకరాలు

1942 నుంచి 1945 దాకా దీవులు జపాన్ ఆధీనంలో ఉన్నాయి. ఆ మూడేళ్ల హింస, ఆకలి చాలా కుటుంబాలను తుడిచిపెట్టాయి. యుద్ధం ముగిశాక ఖైదీలను విడుదల చేయడంతో ఎందరో సొంత ఊళ్లకు వెళ్లిపోయారు. పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల పొలాలు దున్నేవాళ్లు లేక బీడు పడ్డాయి. అదే సమయంలో కలకత్తాలో సియాల్దా స్టేషను ప్లాట్‌ఫారాలూ, రాణాఘాట్ దగ్గరి కూపర్స్ క్యాంపు లాంటి శిబిరాలూ తూర్పు బెంగాల్ శరణార్థులతో కిక్కిరిసి ఉన్నాయి. వారిలో పెద్ద భాగం నామశూద్రులు. తరతరాలుగా నీటి పల్లపు నేలల్లో వరి పండించిన కులం అది. వారికి పశ్చిమ బెంగాల్‌లో ఇవ్వడానికి భూమి లేదని ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ ప్రభుత్వం వాదించింది. బెంగాలీలను కాలాపానీకి పంపుతారా అని కమ్యూనిస్టులు, శరణార్థి సంఘాలు ఎదురు తిరిగాయి. ఆ వాదన నడుస్తుండగానే 1949లో మొదటి జట్టుగా సుమారు రెండు వందల కుటుంబాలు ఓడెక్కాయి. వారిని మొదట దక్షిణ అండమాన్‌లో బీడు పడిన పాత పొలాల మీద దింపారు.

ఖాళీ పొలాలు కొద్ది కాలంలోనే అయిపోయాయి. 1950ల ఆరంభంలో వచ్చిన వలస పథకం లక్ష్యం 20 వేల ఎకరాల అడవిని కొట్టి 4 వేల వ్యవసాయ కుటుంబాలకు ఇవ్వడం. దాంతో మధ్య అండమాన్‌లో రంగత్, ఉత్తరాన మాయాబందర్, డిగ్లీపూర్, తూర్పున హావ్‌లాక్, తరవాత నీల్ ఊళ్లయ్యాయి. ఊళ్ల పేర్లు వచ్చినవాళ్లు వెంట తెచ్చుకున్నవే. హావ్‌లాక్‌లో గోవింద్‌నగర్, రాధానగర్, కృష్ణనగర్. నీల్‌లో సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. డిగ్లీపూర్ వైపు సుభాష్‌గ్రామ్, దుర్గాపూర్, మధుపూర్. (2018 డిసెంబరులో హావ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్‌గా, నీల్‌ను షహీద్ ద్వీప్‌గా మార్చారు.)

కుటుంబానికి పది ఎకరాలన్నది ఈ పథకంలోని అసలు లెక్క. అందులో ఐదు ఎకరాలు పల్లం, ఐదు ఎకరాలు మెరక. పల్లం వరికి. మెరకలో ఇల్లు, చుట్టూ కొబ్బరి, పోక, అరటి, పెరటి కూరగాయలు. అండమాన్ నేల స్వరూపం చూస్తే ఈ పంపకం ఎంత తెలివైనదో తెలుస్తుంది. కొండల నడుమ సన్నని లోయలు, ఆ లోయల అడుగున మాత్రమే నీరు నిలిచే నేల, ఏటా సుమారు 3 వేల మిల్లీమీటర్ల వాన. వాలులో దున్నితే పైమట్టి ఒకటి రెండు వానాకాలాల్లోనే కొట్టుకుపోతుంది, చెట్లు వేస్తే నిలుస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వాన ముఖం కనబడదు కనుక వరి ఒక్క పంటే. ఆ నాలుగు నెలలు ఇంట్లోకి రూపాయి తెచ్చేది మెరక మీది చెట్టే. అందరికీ ఒకే విస్తీర్ణం, రెండు రకాల నేల ఇవ్వాలన్న ఆలోచన మన దేశంలో భూమి పంచిన మరెన్నో పథకాల్లో కనబడదు. అక్కడ పేదవాడి వంతుకు వచ్చేది సాధారణంగా రాళ్ల గుట్టే.

అడవిశాఖ వాళ్లు ఏనుగులతో మాను లాగించి కలప పట్టుకుపోయేవారు. మొద్దులు మాత్రం పొలంలోనే మిగిలేవి. పడౌక్, గర్జన్ లాంటి మహావృక్షాల మొద్దులవి. వాటిని తవ్వి పీకడం ఒక మనిషి వల్ల కాదు. కొత్తగా వచ్చిన కుటుంబం ఆ మొద్దుల మధ్యనే నారు వేసింది, వాటి చుట్టూ తిప్పి నాగలి నడిపింది, ఎండిన వేళ్లకు నిప్పు పెట్టి, ఏడాదికి కొంచెం చొప్పున పొలాన్ని పొలంగా మార్చింది. ప్రభుత్వం దుక్కిటెద్దులో దున్నలో కొనడానికి, ఇల్లు వేసుకోవడానికి, విత్తనాలకు కొంత సాయం, కొంత అప్పు ఇచ్చింది. మొదటి పంట చేతికొచ్చేదాకా తిండి ఖర్చు చూసింది. మలేరియా మందు, బడి, దారి ఆలస్యంగా వచ్చాయి. తట్టుకోలేక తిరుగు ఓడ ఎక్కినవాళ్లూ ఉన్నారు. ఉండిపోయినవాళ్ల శ్రమకు మాత్రం అండమాన్ రుణపడి ఉంది. బియ్యం ఎక్కువగా ఓడల మీద వచ్చే దీవుల్లో వరి చేలు, కూరగాయల మడులు లేపింది వాళ్లే. నీల్‌ను ఇవాళ అండమాన్ కూరగాయల బుట్ట అంటారు.

పథకంలోని రెండో లెక్క నాకు అంత సబబుగా తోచదు. భూమి కుటుంబ పెద్ద పేరున రాశారు, అంటే మగవాడి పేరున. మొద్దుల మధ్య నారు నాటిన ఆడవాళ్ల పేరు ఆ కాగితం మీద లేదు. ఇంకో మాట, ఆ పది ఎకరాలూ ఒక తరానికే. నలుగురు కొడుకులున్న ఇంట్లో పల్లం రెండో తరానికి ఎకరంన్నర లోపుకు వచ్చింది. పథకం దాని గురించి ముందుగా ఆలోచించలేదు. చేతికి ఏమీ రాని చిన్న కొడుకు అయితే పోర్ట్ బ్లెయిర్‌లో కూలికి వెళ్లాడు, లేదంటే పొలం అంచున ఉన్న అడవిలోకి నాలుగు అడుగులు జరిగాడు.

దక్షిణ దీవులు, మాజీ సైనికులు

1960ల మధ్యలో పునరావాస శాఖ ప్రణాళికలు దక్షిణానికి తిరిగాయి. 1965 నాటి ఒక నివేదిక లిటిల్ అండమాన్‌లో దాదాపు 40 శాతం అడవిని తీసేసి వేల కుటుంబాలను తేవాలంది. అది పూర్తిగా అమలు కాలేదు. అయినా రామకృష్ణపూర్, వివేకానందపూర్, రవీంద్రనగర్, నేతాజీనగర్ అక్కడ వెలిశాయి. కచ్చాల్ దీవి రబ్బరు తోటలకు శ్రీలంక నుంచి తిరిగి వచ్చిన తమిళులను తెచ్చారు. వారు భూమి గల రైతులుగా కాక తోట కూలీలుగా వచ్చారు. ఆ తేడా వారి బతుకుల్లో ఇప్పటికీ ఉంది.

1969 నుంచి 1980 దాకా గ్రేట్ నికోబార్‌లో మూడు వందల పైచిలుకు మాజీ సైనికుల కుటుంబాలను స్థిరపరచారు. పంజాబ్, మహారాష్ట్ర, కేరళ, తమిళనాడులతో పాటు ఆంధ్రప్రదేశ్ నుంచీ కుటుంబాలు వెళ్లాయి. దేశపు దక్షిణపు కొసన మనుషులుండాలన్న రక్షణ అవసరం ఇక్కడ ముందుంది, పేదరికం తగ్గించడం దాని వెనక వచ్చింది.

కాగితం

1966లో అండమాన్ నికోబార్ దీవుల భూమి శిస్తు, భూసంస్కరణల నిబంధన వచ్చింది. దాని ప్రకారం కేంద్రపాలిత ప్రాంతంలోని భూమి అంతా కేంద్ర ప్రభుత్వానిదే. సాగుచేసే రైతు ఆక్యుపెన్సీ కౌలుదారు, అంటే ప్రభుత్వం కింద శాశ్వత సాగు హక్కు గలవాడు. ఆ హక్కు పిల్లలకు సంక్రమిస్తుంది. పొలంలో ఇల్లో లాడ్జో కట్టాలంటే భూ వినియోగం మార్చుకునే అనుమతి తీసుకోవాలి. ఈ హక్కుల రికార్డు నకలును అక్కడ ‘ఫారం ఎఫ్’ అంటారు. తెలుగు రైతుకు అడంగల్, పట్టాదారు పాసుపుస్తకం ఎలాంటివో వారికి అది అలాంటిది. బ్యాంకు అప్పుకు, నష్టపరిహారానికి మొదట అడిగేది దాన్నే.

ఈ చట్టాన్ని రెండు రకాలుగా చూడవచ్చు. సర్కారు చేతిలో పగ్గం ఉండడం వల్ల వడ్డీ వ్యాపారి మొదటి కరువులోనే పొలాన్ని లాక్కోలేకపోయాడు. కొత్తగా భూమి వచ్చిన పేదకు తొలి పదేళ్లలో అది పెద్ద రక్ష. యాభై ఏళ్లు దున్నిన మనిషి కూడా ‘నాది’ అనడానికి చట్టంలో పూర్తి ఆధారం లేకపోవడం రెండో వైపు. నా ఉద్దేశంలో ఆ కట్టుబాటు ఒక తరం దాకా న్యాయం. ఆపైన అది రైతును కచేరీ చుట్టూ తిప్పే పనిముట్టు అవుతుంది.

భూమి దక్కనివారు

ఈ పథకం చరిత్రలో అందరికన్నా ఎక్కువ అన్యాయం జరిగింది రాంచీ కూలీలకు. 1918 నుంచి అడవిశాఖ ఛోటానాగ్‌పూర్ ఆదివాసులను, ఉరావ్, ముండా, ఖారియా జాతులవారిని, రాంచీలోని క్యాథలిక్ లేబర్ బ్యూరో ద్వారా రప్పించింది. శరణార్థుల పొలాల కోసం అడవి కొట్టింది, దారులు వేసింది వాళ్ల చేతులే. వాళ్లలో కొద్ది కుటుంబాలకే కేటాయింపు దక్కింది. ఒప్పంద కూలీలు కనుక గడువు తీరగానే వెళ్లిపోతారని అధికారుల లెక్క. చాలామంది వెళ్లలేదు. బారాటాంగ్ వంటి చోట్ల అడవి అంచున గుడిసెలు వేసుకుని, చిన్న చిన్న మడులు చేసుకుని బతికారు. రికార్డులో వారి పేరు ‘ఆక్రమణదారు’. 1978కి ముందు అడవిలో స్థిరపడ్డవారిని క్రమబద్ధం చేయాలని, ఆ తరవాతి వారిని తొలగించాలని ప్రభుత్వం గీత గీసింది. దీవుల్లో ఇప్పటికీ ‘ప్రీ-78’ అన్న మాట జనం నోట నానుతుంటుంది. శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక మీద 2002 మేలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఆక్రమణల తొలగింపును, చెట్ల నరికివేత మీద ఆంక్షలను గట్టిపరచింది. అడవి మిగలాలంటే ఆ ఉత్తర్వు అవసరమే. కాని అడవిని కొట్టించిన ప్రభుత్వమే, కొట్టిన కూలీని చివరికి అడవి దొంగగా లెక్కించడం సహించరానిది.

అంతకన్నా పాత హక్కుదారులు అడవిలోనే ఉన్నారు. జారవాలు వేటాడే నేల మీదికే తిరూర్, కదంతలా వైపు సెటిల్‌మెంట్లు జరిగాయి. బాణాలు, తుపాకులు, బుష్ పోలీసు ఔట్‌పోస్టులు దశాబ్దాల పాటు ఆ సరిహద్దు మీద నడిచాయి. 1956లో ఆదిమ తెగల రక్షణ నిబంధన వచ్చి, రిజర్వులు ప్రకటించారు. లిటిల్ అండమాన్ అంతా ఒకప్పుడు ఓంగేలది. ఇప్పుడు నూరు మంది పైచిలుకు మిగిలిన ఆ జాతి దీవిలో కొన్ని చోట్లకు పరిమితమైంది. భూమి లేని బెంగాలీ రైతుకు భూమి ఇవ్వడం న్యాయమే. ఆ భూమి ఎవరిదో అడగకుండా ఇవ్వడం అన్యాయం. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం. అండమాన్ చరిత్ర రాసేవారు ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని మింగేయకూడదు.

నికోబారీల సంగతి వేరు. కార్ నికోబార్‌లో భూమి, కొబ్బరి తోటలు ‘తుహేత్’ అనే ఉమ్మడి కుటుంబానివి. ఒక్కో మనిషికి ఒక్కో పట్టా అన్న ఆలోచనే అక్కడ లేదు. భూమి లేనివాడూ దాదాపు లేడు.

పొలం పెద్దగా దక్కనివారిలో తెలుగువారూ ఉన్నారు. 2011 జనాభా లెక్కల్లో దీవుల మొత్తం జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా చెప్పినవారు 13 శాతం పైనే, అంటే సుమారు 50 వేల మంది. బెంగాలీ, హిందీ, తమిళం తరవాత నాలుగో స్థానం తెలుగుది. అయితే పంచిన పొలాల్లో తెలుగువారి వంతు స్వల్పం. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వచ్చిన మత్స్యకారులు, కట్టుబడి కూలీలు, చిన్న వ్యాపారులు వీరు. జంగ్లీఘాట్ లాంటి చోట్ల వలలు, పడవలు వారి ఆస్తి అయ్యాయి గాని పొలం కాలేదు. పైగా అండమాన్‌లో షెడ్యూల్డు కులాల జాబితా లేదు. ఆంధ్ర నుంచి వెళ్లిన దళిత కుటుంబానికి, బెంగాల్ నుంచి వచ్చిన నామశూద్రుడికి అక్కడ ఆ గుర్తింపు ఉండదు. భూమి పంచేటప్పుడు ‘కడు పేద’ ఎవరో తేల్చడానికి మన రాష్ట్రాల్లో మొదట చూసే కొలత అక్కడ చెల్లదన్న మాట.

తెలుగు నేల మీద

అండమాన్‌లో మొద్దుల మధ్య నాగళ్లు నడుస్తున్న రోజుల్లోనే, 1951 ఏప్రిల్ 18న, నల్లగొండ జిల్లా పోచంపల్లిలో దళిత కుటుంబాలు తమకు 80 ఎకరాలు కావాలని వినోబా భావేను అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ మొదలైంది. దానం చేతికి రావడానికి, అది పట్టాగా మారడానికి మధ్య దూరం ఎంతో తెలుగువారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. దానపత్రాలు ఉండి పొలం దొరకనివారు, పొలం ఉండి కాగితం లేనివారు ఇప్పటికీ ఉన్నారు.

1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించింది. 1973 నాటి భూసంస్కరణల చట్టం 1975 జనవరి 1న అమల్లోకి వచ్చి మాగాణికి 10 నుంచి 27 ఎకరాలు, మెట్టకు 35 నుంచి 54 ఎకరాల పరిమితి పెట్టింది. మిగులు భూమిలో చేతికి వచ్చింది తక్కువ, అందులో మంచి నేల మరీ తక్కువ. ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూములను అమ్మకుండా, కొనకుండా 1977లో చట్టం చేశారు. ఇది అండమాన్ కట్టుబాటుకు దగ్గరి చుట్టం. దాని ఫలితం కూడా అలాగే రెండు విధాల ఉంది. పేదవాడి భూమిని కొంతవరకు కాపాడింది. సాదాకాగితం మీద చేతులు మారిన చోట పేదకు అసలు ధర కూడా దక్కనివ్వలేదు. 2006లో కోనేరు రంగారావు కమిటీ ఇలాంటి చిక్కులన్నిటి మీదా 104 సిఫార్సులు చేసింది. 2023లో ఆంధ్రప్రదేశ్ ఆ 1977 చట్టాన్ని సవరించి, 20 ఏళ్లు గడిచిన అసైన్‌మెంటు భూములకు పూర్తి హక్కు ఇచ్చింది.

భూమి కొని పేదలకు ఇచ్చే మార్గాన్ని తెలుగు రాష్ట్రాలు గట్టిగా ప్రయత్నించాయి. వెలుగు, తరవాత ఇందిరా క్రాంతి పథం కింద 2000ల్లో స్వయం సహాయక సంఘాల మహిళలే అమ్మకానికి ఉన్న భూమిని చూసి, నీళ్లు, మట్టి పరిశీలించి, ధర మాట్లాడి, తలా ఎకరం లెక్కన తమ పేరున రిజిస్టరు చేయించుకున్నారు. సంఖ్య కొన్ని వేలకు మించలేదు. దాని పక్కనే నడిచిన చిన్న పని ఎక్కువ మందికి ఉపయోగపడిందని నా నమ్మకం. గ్రామీణ యువతీయువకులకు పారాలీగల్‌గా, గొలుసు పట్టే సర్వేయరుగా శిక్షణ ఇచ్చి మండలాలకు పంపారు. అప్పటికే పట్టా ఉండి పొలం హద్దు తెలియని గిరిజనుడికి, పొలం ఉండి పహాణీలో పేరెక్కని దళితుడికి వారు కచేరీలో తోడు నిలిచారు. కొత్త ఎకరం కొనాలంటే లక్షలు కావాలి. పాత ఎకరాన్ని చిక్కు విప్పి చేతికివ్వాలంటే ఓపికగల మనిషి ఒకరు చాలు. అమెరికాలోని సియాటిల్ కేంద్రంగా న్యాయవాది రాయ్ ప్రోస్టర్‌మన్ స్థాపించిన సంస్థ (ఇప్పుడు లాండెసా) ఈ పనిలో సలహాదారుగా ఉంది. పెద్ద కమతం ఇవ్వలేకపోతే ఇల్లు, పెరడు పట్టే కొద్ది సెంట్లయినా ఆడమనిషి పేరు చేర్చి ఇవ్వాలన్నది ఆ సంస్థ వాదన. పశ్చిమ బెంగాల్ 2011లో మొదలుపెట్టిన ‘నిజ గృహ, నిజ భూమి’ పథకం ఆ దారిదే. అండమాన్‌కు మనుషులను పంపిన రాష్ట్రం, భూమి లేదన్న రాష్ట్రం, ఆరు దశాబ్దాల తరవాత పెరటి భూమి లెక్కతో తన పేదల దగ్గరకు వచ్చింది.

తెలంగాణ 2014 ఆగస్టు 15న భూమి లేని దళిత కుటుంబాలకు మూడేసి ఎకరాల పథకం ప్రారంభించింది. భూమితో పాటు నీటి వసతి, మొదటి ఏడాది పెట్టుబడి కలిపి, మహిళ పేరున ఇవ్వాలన్న నియమం మెచ్చదగినది. భూమి ధరలు పెరిగే కాలంలో ఎకరానికి గరిష్ఠంగా 7 లక్షలు పెట్టి మంచి నేల దొరకక పథకం చిక్కిపోయింది. లబ్ధిదారులు ఏడు వేల దరిదాపుల్లో ఆగారు. 2021లో దళితబంధు వచ్చాక ప్రభుత్వ దృష్టి నగదు వైపు మళ్లింది.

దేశం బయట చూస్తే, జపాన్ 1946 తరవాత, దక్షిణ కొరియా 1950 ప్రాంతంలో, తైవాన్ 1953లో కౌలుదారులను యజమానులను చేశాయి. అక్కడ రైతు అప్పటికే దున్నుతున్న నేలే అతని పేరుకు మారింది. మొద్దులు పీకే పని లేదు, ఓడ ఎక్కే పని లేదు. పోల్చినప్పుడు అండమాన్ సెటిలర్ మోసిన బరువు ఎంతటిదో కనబడుతుంది.

సునామీ, పర్యాటకం, భూసేకరణ

2004 డిసెంబరు 26 భూకంపంలో దీవులు ఒక పక్కకు ఒరిగాయి. పోర్ట్ బ్లెయిర్ ప్రాంతం సుమారు ఒక మీటరు కుంగింది, ఉత్తర అండమాన్ కొంత పైకి లేచింది. సిప్పీఘాట్ పరిసరాల్లో వరి పండిన పల్లాల్లోకి సముద్రం వచ్చి, ఆటుపోటుతో పాటు ఉండిపోయింది. పథకం వరికని ఇచ్చిన ఐదు ఎకరాల పల్లమే ముందుగా పోయింది, మెరక మిగిలింది. గ్రేట్ నికోబార్ కొసన నేల నాలుగు మీటర్లకు పైగా దిగింది. తూర్పు తీరాన మాజీ సైనికుల ఊళ్లు దెబ్బతిని, బతికినవాళ్లు క్యాంప్‌బెల్ బే వైపు పునరావాస ఇళ్లకు చేరారు.

హావ్‌లాక్, నీల్‌లలో మార్పు మెల్లగా వచ్చింది. రాధానగర్ బీచ్ పేరు ప్రపంచానికి తెలిశాక ఒడ్డు దగ్గర పొలాలు రిసార్టులయ్యాయి. శరణార్థి తాతకు వచ్చిన భూమి మనవడికి ఒక్క లీజుతో వరి జన్మంతా ఇవ్వని డబ్బు ఇస్తుంది. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పేదకు భూమి ఇచ్చేది అతను ఎప్పటికీ వరే వేయాలని కాదు. లీజు ధర మాట్లాడుకునే బలం, చదువు, న్యాయ సలహా అతనికి ఉన్నాయా అన్నదే పట్టించుకోవలసిన విషయం. కూరగాయలు పండించే నేల తగ్గిన కొద్దీ నగరం చెన్నై, కోల్‌కతా, విశాఖ ఓడల మీద మరింత ఆధారపడుతుంది.

గ్రేట్ నికోబార్‌లో గలాతియా తీరాన ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్పు, విద్యుత్ కేంద్రం కలిపిన భారీ ప్రాజెక్టుకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. దాని కింద పోయే అడవి సుమారు 130 చదరపు కిలోమీటర్లు. అందులో షోంపెన్, నికోబారీ జాతుల నేల ఉంది. విమానాశ్రయం కోసం మాజీ సైనికుల కుటుంబాలు సాగుచేసుకుంటూ వచ్చిన భూముల సేకరణకు ప్రభుత్వం పూనుకుంది. ఒకనాడు దేశ రక్షణ కోసమని తెచ్చి భూమి ఇచ్చిన కుటుంబాలనే ఇప్పుడు ఆ భూమి ఇవ్వమంటున్నారు. రికార్డులో పేరున్నవారికి చట్టం ప్రకారం పరిహారం దారి ఉంది. పేరెక్కని వారసులు, ఆ పొలాల్లో కూలి చేసి బతికినవారు, అడవి తప్ప వేరే కాగితం లేని షోంపెన్‌లు ఆ లెక్కలో ఎక్కడుంటారన్నది భూసేకరణ అధికారులు తేల్చవలసి ఉంది.